కనటం నుంచి ‘తీయటం’ దాకా – సిజేరియన్ కాన్పు చిక్కుల చరిత్ర

తెలుగులో ‘కడుపుకోత’ అనే మాట చాలా పాతది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి జనం పెట్టుకున్న పేరది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికి, ఇల్లంతా సంబరపడే సందర్భంలో నిజంగానే కడుపు కోయవలసివచ్చే రోజొకటి వస్తుందని ఆ మాట పుట్టించిన వాళ్లు అనుకుని ఉండరు. ఆ రోజు వచ్చాక కూడా జనం దానికి ఈ మాట వాడలేదు. ‘పెద్దాపరేషన్’ అన్నారు. మాటలో ఉన్న శోకం బిడ్డకు తగలకూడదనుకున్నారు కాబోలు.

నందివాడ ప్రాంతంలో పిల్లల్ని బడిలో చేర్చటానికి వచ్చే తల్లులతో మాట్లాడటం నా ఉద్యోగంలో భాగం. పుట్టిన తేదీ అడిగితే వెనకటి తరం తల్లులు, “ఫలానా కార్తీకంలో కన్నానండీ” అనేవాళ్లు. ఇప్పటి తల్లుల్లో చాలామంది, “ఫలానా తారీఖున తీశారు మాస్టారూ” అంటున్నారు. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఈ తేడా నా చెవికి తగిలింది. ‘కన్నాను’ అనే క్రియకు కర్త తల్లి. ‘తీశారు’ అనే క్రియకు కర్తలు డాక్టర్లు. ఆ రెండో వాక్యంలో తల్లి ఎక్కడా లేదు.

ఈ మార్పు ఒక్క తరంలో వచ్చింది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. సిజేరియన్ కాన్పు తెచ్చే చిక్కుల్ని వైద్యశాస్త్రం రక్తం, క్రిములు, మత్తు, కుట్టు అనే నాలుగు తలల కింద చర్చిస్తుంది. అది సరైనదే. ఐతే ఆ చిక్కులు ఏ కాలంలో ఎవరి నెత్తిన పడ్డాయన్నది మాత్రం కత్తి ఎవరికి అందింది, కోత నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నదాన్ని బట్టి తేలింది. ఒకనాడు కోత అందక స్త్రీలు చచ్చిపోయారు. నేడు అవసరం లేని కోత చాలామందికి అందుతోంది, దాని కష్టం ఆలస్యంగా, లెక్కకు రాకుండా వస్తోంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే.

1

జూలియస్ సీజర్ తల్లి కడుపు కోస్తే పుట్టాడన్నది కట్టుకథ. అతని తల్లి ఆరేలియా కొడుకు పెద్దవాడయ్యేదాకా బతికే ఉంది. ఆ రోజుల్లో కడుపు కోయించుకున్న తల్లి బతకటం అసాధ్యం. ప్రాచీన కాలంలో ఈ కోత చనిపోయిన తల్లి నుంచి బిడ్డను దక్కించుకోవటానికి ఉద్దేశించింది. తల్లి చనిపోయాక గర్భంలో బిడ్డ కదులుతుంటే వెంటనే కోసి తీయాలని మన సుశ్రుత సంహిత చెప్పిందీ ఆ అర్థంలోనే.

బతికున్న తల్లిని కోసి బతికించటానికి యూరపు వైద్యులు వందల ఏళ్లు తంటాలు పడ్డారు. వాళ్ల పొరపాటు ఒక చిన్న విషయంలో ఉంది. పొట్టకు కుట్లు వేసేవారుగాని గర్భసంచికి వేసేవారు కాదు. అది తనంతట తానే ముడుచుకుంటుందని నమ్మేవారు. తల్లి రక్తం పోయో, చీము పట్టో చనిపోయేది. 1876లో ఇటలీలోని పావియాలో ఎడువార్డో పోర్రో బిడ్డను తీసిన వెంటనే గర్భసంచినే కోసేసి తల్లిని బతికించాడు. అంటే ప్రాణానికి బదులు ఆమె మళ్లీ కనే శక్తిని తీసుకున్నాడు. 1882లో జర్మనీలో మాక్స్ సేంగర్ గర్భసంచి గోడకు వేరుగా కుట్లు వేసే పద్ధతి చూపాకగాని తల్లి ప్రాణమూ గర్భసంచీ రెండూ దక్కటం మొదలుకాలేదు. 1920లలో గ్లాస్గోలో మన్రో కెర్ గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. నేటికీ మన ఆసుపత్రుల్లో జరుగుతున్నది ప్రధానంగా ఆ కోతే.

ఈ విద్య పూర్తిగా యూరపు సొత్తని కూడా అనుకోనక్కరలేదు. 1879లో ఆఫ్రికాలోని ఉగాండా ప్రాంతంలో రాబర్ట్ ఫెల్కిన్ అనే ఆంగ్ల యాత్రికుడు ఒక స్థానిక వైద్యుడు చేసిన ఇలాంటి కోతను కళ్లారా చూశాడు. అరటి సారాతో తల్లికి మత్తిచ్చి, ఆ సారాతోనే చేతులూ పొట్టా కడిగి, బిడ్డను తీసి, ఇనప సూదులతో గాయం మూశారు. తల్లీ బిడ్డా బతికారు. అయితే ఆ నేర్పు ఆ నేల దాటి వెళ్లలేదు. ఒక ప్రాంతం పరాయి పాలన కిందికి పోతే అక్కడి విద్యలు ఎలా అడుగంటుతాయో చెప్పటానికి ఇదొక ఉదాహరణ.

2

ఇక మన డెల్టా సంగతి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, పంట వచ్చింది, కాలవల మీద పడవలు వచ్చాయి. పురిటి మంచం దగ్గర మాత్రం మంత్రసాని తప్ప మరో దిక్కు లేదు. అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కూగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, పదిహేనేళ్లకు, 1898లో అక్కడ ఆసుపత్రి తెరవగలిగింది. కృష్ణకు ఇవతల లంకల్లో, కొల్లేరు అంచుల్లో, దివిసీమలో ఉన్న స్త్రీకి గుంటూరైనా మద్రాసైనా ఒకటే దూరం.

మా చిన్నమ్మమ్మ తొలిచూలు బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని రెండు రాత్రులు ప్రయత్నించి, “నా చేతిలో లేదు, పట్నం తీసుకుపోండి” అంది. పడవ పట్నం రేవు చేరకముందే తల్లీ బిడ్డా పోయారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మమ్మ మంత్రసానిని ఒక్క మాట అనేది కాదు. “పడవ నెమ్మది” అనేది. అడ్డం తిరిగిన బిడ్డ, దారికి అడ్డంగా కూర్చున్న మాయ, ఇరుకు కటి ఎముక – వీటికి కోత తప్ప వేరే విరుగుడు లేదు. ఆ కాలంలో సిజేరియన్ చిక్కంటే సిజేరియన్ లేకపోవటమే.

ఆ చీకటిని చీల్చటానికి మనవాళ్లు చేసిన పని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టర్ అచ్చమాంబ బెజవాడలో వైద్యం చేస్తూ ‘ప్రసూతి – శిశుపోషణ’ అనే పుస్తకాన్ని తెలుగులో రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వైద్య విషయాన్ని స్త్రీలు చదువుకునే భాషలో చెప్పాలన్న పట్టుదల ఆమెది. ఆమెకు ముందు, సముద్రాలకవతల, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు పరిశోధించి, తిండిలో ఏదో ఒక పదార్థం కొరవడుతోందని గుర్తించింది. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని తయారుచేసి చూపింది అమెరికాలో సుబ్బారావుగారి నాయకత్వంలోని లెడర్లే పరిశోధకులు. 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాలదే. సల్ఫా మందులు, పెన్సిలిన్, రక్తం ఎక్కించే పద్ధతి, వెన్నులో సూది వేసి మత్తివ్వటం – ఇవన్నీ కుదిరాకనే కోత ఆపద నుంచి ఆసరాగా మారింది.

ఇంత జరిగినా పాత చిక్కు పూర్తిగా పోలేదు. మామూలు కాన్పులో అర లీటరు రక్తం పోతే ఆపరేషన్‌లో ఇంచుమించు లీటరు పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు. సుబ్బారావుగారి బృందం మందు తయారుచేసి ఎనభై ఏళ్లయింది. రక్తం లేని శరీరం మీద రక్తం ఖర్చయ్యే కోత ఇంకా పడుతూనే ఉంది.

3

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992-93లో జరిగిన మొదటి సర్వే నాటికి సిజేరియన్లు నూటికి అయిదుకు లోపు. ఆనాడు మూడింట రెండొంతుల కాన్పులు ఇళ్లలోనే జరిగేవి. 1998-99 నాటికి అది 15 దగ్గరకు, 2005-06 నాటికి 22 దగ్గరకు చేరింది. రాష్ట్రం విడిపోయాక 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో 40, తెలంగాణలో 58. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 61. అదే సర్వేలో దేశం మొత్తానికి 21.5, బీహారుకు 10 లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజా సమావేశం తరువాత ఏ ప్రాంతంలోనైనా 10, 15 శాతం మించటానికి సమర్థన లేదంది. 2015లో మళ్లీ పరిశీలించి, జనాభా మొత్తం మీద 10 శాతం దాటాక కోతలు పెరిగినందువల్ల తల్లుల, శిశువుల మరణాలు తగ్గినట్టు కనబడదంది.

ఈ అంకెల్లో అసలు కథ ఇంకొకటుంది. 2019-21లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నూటికి 27 కాన్పులు ఆపరేషన్లైతే, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. గేటు మారితే స్త్రీల కటి ఎముకలు ఇరుకైపోవు. కష్టమైన కాన్పులను పెద్ద ప్రభుత్వాసుపత్రులకు పంపటం మామూలు గనక నిజానికి అక్కడే కోతలు ఎక్కువుండాలి. తేడా శరీరంలో లేదని, ఏర్పాటులో ఉందని ఇంతకంటే తేటగా చెప్పే రుజువు అక్కరలేదు.

ఆ ఏర్పాటు ఎలా తయారైంది? డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బు సినిమాల్లోకి, వ్యాపారాల్లోకి పోయినట్టే నర్సింగ్ హోముల్లోకీ పోయింది. మంత్రసాని వృత్తిని మూఢత్వమని తీసిపారేశాం గాని ఆమె స్థానంలో శిక్షణ పొందిన ప్రసూతి నర్సును నిలబెట్టలేదు. పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై గంటలు నొప్పుల పక్కన కూర్చోవలసిన పనిని ఒంటి డాక్టరు మీద వేశాం. మామూలు కాన్పుకు ఆ డాక్టరు రాత్రంతా మేల్కోవాలి, వచ్చేది తక్కువ. ఆపరేషన్ గంటలో అవుతుంది, ఫీజు ఎక్కువ, మత్తు డాక్టరు వచ్చే వేళకు కుదుర్చుకోవచ్చు. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చాక, ఏమీ చేయకుండా వేచిచూడటం కంటే ఏదో ఒకటి చేసి ఉండటమే క్షేమమన్న భయం కూడా తోడైంది. చేయి తిరిగిన పాత డాక్టర్లు ఎదురుకాళ్ల కాన్పును, పట్టుకారు కాన్పును చేయగలిగేవారు. ఆ నేర్పు కొత్తవారికి అందటం తగ్గింది.

దీని మీద ముహూర్తం వచ్చి కూర్చుంది. జాతకం పుట్టిన ఘడియను బట్టి రాస్తారనుకునేవాళ్లం. ఇప్పుడు జాతకం ముందు రాయించి బిడ్డను దానికి సరిపోయేట్టు తీయిస్తున్నారు. 39 వారాలు నిండకముందు, నొప్పులు రాకముందు తీసిన బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు పూర్తిగా ఇంకదు. ఊపిరాడక శిశువుల వార్డుకు చేరే ప్రమాదం ఎక్కువ. అధునాతన యంత్రమూ పాత పంచాంగమూ ఇంత సఖ్యంగా కలిసి పనిచేసే చోటు మన సమాజంలో మరొకటి ఉందేమో నేనెరగను. ఐతే తప్పంతా ఆడవాళ్ల మీద, వాళ్ల నొప్పి భయం మీద వేసి చేతులు దులుపుకోవటం అన్యాయం. నొప్పుల గదిలో అమ్మనుగాని అత్తనుగాని పక్కన ఉండనివ్వక, కసిరి, తిట్టి, నొప్పి తగ్గించే సాయమేదీ చేయని వ్యవస్థలో ఏ పిల్లయినా, “కోసెయ్యండి డాక్టరుగారూ” అంటుంది. దాన్ని ఆమె ఇష్టమని రాసుకోవటం న్యాయం కాదు.

4

ఇప్పుడు చిక్కుల స్వభావం ఎలా మారిందో చూద్దాం. వెనకటి చిక్కు వెంటనే కనబడేది. రక్తం, జ్వరం, మరణం. నేటి చిక్కుల్లో చాలా భాగం వాయిదా మీద వస్తాయి. కుట్టు చీము పట్టటం, మూత్రాశయానికి గాయం, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టటం ఆసుపత్రిలోనో, ఇంటికి చేరిన కొద్ది రోజులకో బయటపడతాయి. లోపల పేగులు, గర్భసంచి, మూత్రాశయం ఒకదానికొకటి అతుక్కోవటం మాత్రం మరోసారి పొట్ట తెరిచినప్పుడే తెలుస్తుంది. మన రాష్ట్రంలో ఆ మరోసారి తరచుగా వస్తుంది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. ఒక అనవసరపు కోత రెండో కోతను కష్టం చేస్తుంది.

అన్నిటికంటే గడ్డు చిక్కు మాయది. మామూలుగా కాన్పయ్యాక మాయ గర్భసంచి గోడ నుంచి విడిపడుతుంది. పాత కోత మచ్చ మీద మాయ నాటుకుంటే, మచ్చలో ఆ విడిపడే పొర ఉండదు గనక, వేళ్లు గోడలోకి దిగిపోతాయి. లాగితే రాదు, రక్తం ఆగదు. పోర్రో 1876లో చేసినట్టు గర్భసంచినే తీసేయవలసివస్తుంది. అమెరికాలో ముప్పైవేలకు పైగా సిజేరియన్లను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మాయ దారికి అడ్డంగా ఉన్న స్త్రీలను తీసుకుంటే, ఇలా అతుక్కోవటం మొదటి సిజేరియన్‌లో నూటికి 3, రెండోదాంట్లో 11, మూడోదాంట్లో 40 అని తేలింది. మాయ అడ్డం రావటం అరుదే. కోతలు పెరిగినకొద్దీ ఆ అరుదు కూడా తగ్గుతుంది.

1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్, ఒకసారి కోసిన గర్భసంచికి ఆ తరువాత కోతే గతి అన్న అర్థంలో ఒక హెచ్చరిక చేశాడు. మొదటి కోతకు తొందరపడవద్దన్నది ఆయన ఉద్దేశం. లోకం దాన్ని రెండో కోతకు అనుమతిపత్రంగా చదువుకుంది. నిజానికి కింది భాగంలో అడ్డకోత పడిన స్త్రీ తరువాతి కాన్పును మామూలుగా ప్రయత్నిస్తే మచ్చ చిట్లే ప్రమాదం నూటికి ఒకటికి మించదు. ఐతే ఆ ఒక్కరి కోసం రాత్రీ పగలూ కనిపెట్టి ఉండే మనుషులు, క్షణాల్లో ఆపరేషన్ చేయగల ఏర్పాటు కావాలి. అవి లేనిచోట మొదటి కోతే రెండోదాన్ని నిర్ణయించేస్తుంది.

ఈ చిక్కు మన దగ్గర ఇంతకాలం పెద్దగా బయటపడకపోవటానికి కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ స్త్రీ ఇద్దరితో ఆపేస్తుంది. 2019-21 సర్వేలో సగటు సంతానం 1.7. పెళ్లయిన స్త్రీలలో నూటికి 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. రెండో సిజేరియన్‌లోనే ఆ ఆపరేషన్ కూడా ముగించటం వాడుక. అంటే మూడో కోత ప్రమాదాన్ని తప్పించింది వైద్యుల జాగ్రత్త కాదు, స్త్రీ చేయించుకున్న ఇంకో ఆపరేషన్. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2024లో ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమని ప్రజలకు పిలుపిచ్చారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను శాసనసభ ఎత్తివేసింది. ఆ నిబంధన పోవటం మంచిదే. ఎందరిని కనాలో రాజ్యం చెప్పకూడదు. కాని పదిమందిలో నలుగురిని కోసి పంపిన రాష్ట్రం ఇప్పుడు మూడో బిడ్డను అడుగుతోందంటే, మూడో కోతను అడుగుతోందని కూడా తెలుసుకుని అడగాలి. ఒకప్పుడు వద్దన్నదీ ఇప్పుడు కావాలన్నదీ ఆ పొట్టనే.

5

ఒక అభ్యంతరం వస్తుంది. ఆసుపత్రులు పెరిగాకనే కదా తల్లుల మరణాలు తగ్గాయి? నిజం. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45. 2005లో వచ్చిన 108 వాహనం, ఆసుపత్రి కాన్పు, రక్తనిధి, అవసరమైన చోట సిజేరియన్ – ఇవన్నీ కలిసి సాధించిన విజయమిది. మా చిన్నమ్మమ్మ పడవకు జవాబు ఆ వాహనమే. దీన్ని తక్కువ చేసి పాతరోజులే మేలనేవాళ్లతో నాకు పొత్తు లేదు. ఇంటి కాన్పును గొప్ప చేసి పాడేవాళ్లు పురిట్లో పోయినవాళ్ల పేర్లు మరచిపోయినవాళ్లు.

కాని ఆ విజయానికి నూటికి 63 కోతలు అక్కరలేదు. అందీ అందకపోవటమనే పాత చిక్కు ఈ 63 పక్కనే ఉందన్నది మరచిపోరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు నందివాడ మండలం గ్రామాల్ని చుట్టుముట్టినప్పుడు నెలలు నిండిన స్త్రీకి ఆసుపత్రి ఎంత దూరమో ఊహించండి. రోడ్డున్నరోజు అక్కరలేని కోత, రోడ్డు మునిగినరోజు అక్కరకురాని కోత. ఈ రెండూ ఒకే ఏర్పాటు పుట్టించిన కవలలు.

చేయవలసింది తెలియనిది కాదు. ఏ స్త్రీలకు కోతలు పడుతున్నాయో పది తరగతులుగా విడదీసి చూసే పద్ధతిని మైకేల్ రాబ్సన్ 2001లో చెప్పాడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అన్ని ఆసుపత్రులకూ సిఫారసు చేసింది. దాని ప్రకారం ప్రతి ఆసుపత్రీ, ప్రైవేటుతో సహా, తన లెక్క గోడ మీద రాయాలి. ప్రసూతి నర్సులను వృత్తిపరంగా తయారుచేసే పని తెలంగాణ 2017లో మొదలుపెట్టింది. కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. ఆ నర్సు ప్రతి మండలానికీ రావాలి. అన్నిటికంటే ముందు తొలిచూలు కాన్పును కాపాడాలి, తరువాతి కాన్పులన్నీ దాన్ని బట్టే ఉంటాయి గనక.

రచయితలకు కూడా ఇక్కడ పని ఉంది. పురిట్లో పోయిన ఇల్లాలు మన కథల్లో చాలాసార్లు చనిపోయింది. ఆమె కోసం మనం సరిగానే ఏడ్చాం. కోతతో బతికిన ఇల్లాలు మాత్రం మన సాహిత్యంలోకి ఇంకా సరిగా రాలేదు. జాతీయ సర్వే పత్రాల్లో సిజేరియన్లకొక వరస ఉంది. కోత తరువాతి నొప్పులకు వరస లేదు. అంకెలు రాయనిదాన్ని రాయటానికే గదా సాహిత్యం ఉన్నది.

కిందటేడు ఒక పిల్ల తల్లి బడికి వచ్చింది. చేపల చెరువుల మీద కూలికి పోతుంది. వంగి సంచి ఎత్తబోయి పొత్తికడుపు పట్టుకుని ఆగిపోయింది. “ఏమ్మా?” అన్నాను. “ఏం లేదు మాస్టారూ, కుట్టు లాగుతోంది. దీన్ని తీసినప్పటిది” అంది, కూతుర్ని చూపిస్తూ. పిల్లకు అప్పటికి తొమ్మిదేళ్లు. ఎందుకు కోశారని అడిగితే, “తెలీదండీ, సంతకం మా ఆయన పెట్టాడు” అంది.

ఆమెకు ఆ కోత అవసరమైందో కాదో నేను చెప్పలేను. అవసరమే అయి ఉండొచ్చు. తొమ్మిదేళ్ల తరువాత కూడా ఆమెకు తెలియకపోవటమే ఈ చరిత్రలో ఇంతవరకూ నయం కాని చిక్కు. ఎందుకు కోస్తున్నారో ఆమెకు ఆమె భాషలో చెప్పి, ఆమె చేత సంతకం చేయించుకున్ననాడు, కత్తి పడినా పడకపోయినా, ఆమె మళ్లీ ‘కన్నాను’ అని చెప్పుకోగలుగుతుంది.